రెండో పత్తి ఉండ

ఆ సోమవారం సాయంత్రం నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. పక్కింటి అత్త తన మొగుడి చేత మాటలు పడుతుంటే, ఆ మాటలు పడవలసినవాణ్ణి నేనేనని తెలిసి కూడా, ఆమె కలిపి ఇచ్చిన టీ తాగుతూ కూర్చున్నాను. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా పెదవుల దగ్గరి నుంచి దించలేదు, మాట్లాడే పని తప్పుతుందని. చివరికి నన్ను అడిగినప్పుడు నోరు తెరిచి అబద్ధం చెప్పాను.

ఆమె నాకు చుట్టం కాదు. ఎమ్మిగనూరులో మేము ఆ వీధిలోకి వచ్చిన నాటి నుంచి ఆమెను అత్తా అని, ఆయనను మామా అని పిలుస్తున్నాను. ఆయన నన్ను అల్లుడా అంటాడు. ఆయనది మగ్గం పని. షావుకారు ఇచ్చే నూలుతో చీరలు నేసి ఆయనకే ఇస్తాడు. ఒకప్పుడు మా వీధిలో ఇంటికో మగ్గం ఉండేదట, ఇప్పుడు గుంట మగ్గం మిగిలింది ఆ ఒక్క ఇంట్లోనే. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించుకుని, గట్టు మీద కూర్చుని నేస్తాడు. కాళ్లతో తొక్కే చెక్కలు గుంట అడుగున ఉంటాయి. వాళ్ల మగ్గం గది గోడకు ఆనుకుని మా ఇంటి సందు ఉంది. ఆయన నేస్తుంటే ఆ చప్పుడు సందు దాటి మా వంటింట్లోకి వినబడుతుంది. చప్పుడు ఆగితే మా ఆవిడ, "మామ బువ్వకు లేచినాడు" అంటుంది.

రెండిళ్లూ ఒకప్పుడు ఒకే కుటుంబానివి. పంపకాలప్పుడు మధ్యలో గోడ కట్టుకున్నారు గాని, నేల కింద ఉన్న మురుగు గొట్టాన్ని ఎవరూ పంచలేదు. అది వాళ్ల జాలాడిలో మొదలవుతుంది. స్నానాలు, అంట్లు, బట్టలుతకడం అన్నీ జరిగేది ఆ జాలాడిలోనే. అక్కడి నుంచి గోడ కిందుగా మా సందులోకి వచ్చి, మా బాత్రూం నీళ్లను కూడా కలుపుకుని వీధి కాలువలో పడుతుంది. కాల్చిన మట్టి గొట్టం. మాది నల్లరేగడి నేల. ఎండాకాలం చెయ్యి దూరేంత బీటలు ఇస్తుంది, వానలకు ఉబ్బుతుంది. ఆ కదలికలో గొట్టం అతుకులన్నీ విడిపోయాయి. సందులో ఎక్కడ కాలు పెట్టినా బండల కింద నుంచి వాసన. వాన పడితే మురుగు పైకే వచ్చేది.

మేస్త్రీకి చెప్పాను. ఇదిగో అదిగో అన్నాడు. మూడోసారి ఫోను ఎత్తలేదు. అప్పుడు నేను ఫోనులో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. చూసేకొద్దీ పని సులువుగా కనబడింది. తవ్వాలి, పాత గొట్టం తీయాలి, కింద ఇసుక పోయాలి, వాలు చూసి ప్లాస్టిక్ పైపు పరచాలి, పూడ్చాలి. మా ఆవిడతో చెబితే నవ్వింది.

"నీకు ఆదోనిలో పత్తి చూసేదొచ్చు. మోరీ పని ఏమొచ్చు?"

నేను ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో పని చేస్తాను. రైతులు తెచ్చిన పత్తిని చేత్తో పిడికెడు తీసి, పీచు లాగి చూసి, చెమ్మ ఎంత, చెత్త ఎంత అని చెప్పే పని. రోజూ బస్సులో పోయి వస్తాను. ఆ పనిలో నా మాటకు విలువుంది. అందుకేనేమో, ఏ పనైనా చూస్తే వచ్చేస్తుందనే పొగరు నాకు ఉంది. ఆ పొగరుతోనే ఆదివారం పొద్దున్నే గడ్డపార పట్టుకున్నాను.

మామ వీధి అరుగు మీది నుంచి చూసి పలకరించాడు.

"ఏమల్లుడా, వజ్రాలు దొరికినాయా? దానికి జొన్నగిరి పోవల్ల, ఈడ కాదు."

"ఈ మురుగు పని అయిపోనీ మామా, ఆ తర్వాత అదే పని."

"అల్లుడు దొరికింది దొరికినట్ల పంచిపెడతాడు చూడు," అంది లోపలి నుంచి అత్త. "పగిలిన గొట్టం పెంకులు మనకు, వజ్రాలు ఆయనకు."

ముగ్గురం నవ్వుకున్నాం. ఆ నవ్వులో ఒక మాట చెప్పేస్తే సరిపోయేది. నేను చెప్పలేదు.

పాత గొట్టం తీస్తున్నప్పుడు పైనుంచి నీళ్లు వచ్చి పడకుండా ఉండాలని, మిల్లులో పనికిరాని పత్తిని తెచ్చి, పాత బేలు గుడ్డలో చుట్టి రెండు ఉండలు చేసుకున్నాను. ఒకటి మా బాత్రూం గొట్టం మూతిలో కుక్కాను. రెండోది గోడ దగ్గర, మామ వాళ్ల గొట్టం మూతిలో కుక్కాను. పైపు కలిపే ముందు రెండూ తీసేయాలి. పత్తి ఎంత తడిస్తే అంత బిగుస్తుందని నాకంటే బాగా ఎవరికి తెలుసు! ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను. మామకు మాత్రం చెప్పలేదు. చెబితే, "ఎంతసేపు నీళ్లు పోయకూడదు?" అని అడుగుతాడు. ఆ లెక్క నాకు తెలియదు. తెలియదని చెప్పడం నాకు ఇష్టం లేదు. ఎలాగూ అది కొళాయి నీళ్లు వచ్చే రోజు కాదు, జాలాడిలో చెంబెడు నీళ్లు కూడా పడవులే అనుకున్నాను.

మధ్యాహ్నానికి పాత గొట్టమంతా పెంకులై పైకి వచ్చింది. ఇసుక పోశాను. సన్నటి ట్యూబులో నీళ్లు నింపి ఆ కొస ఈ కొస మట్టం చూశాను. వీధి వైపు నుంచి ఒక్కో పైపు కలుపుతూ గోడ వైపు జరిగాను. మోకాళ్లు మండుతున్నా మనసు గాల్లో తేలుతోంది.

అప్పుడు అత్త వీధి వైపు నుంచి వచ్చి గుంత అంచున నిలబడింది.

"అల్లుడా, రేపు పొద్దున పడుగు సాపల్ల. నీ గుంత ఇట్ల అడ్డముంటే ఎట్ల?"

నిలువు పోగులన్నీ కలిపి పడుగు అంటారు. దాన్ని మగ్గానికి ఎక్కించే ముందు వీధి పొడవునా సాగదీసి, రెండు కొసలా తాళ్లు బిగించి, కుంచెలతో గంజి పట్టించి ఆరబెట్టాలి. ఎండ ముదిరే లోపల అయిపోవాలి. నలుగురు మనుషులు కావాలి. వీళ్ల కోసం ఆ పూట పని వదులుకుని వచ్చేది పక్క వీధుల్లో మిగిలిన నేతగాళ్లే. పడుగు సాగేది మా వాకిలి ముందునుంచే. నా గుంత సరిగ్గా అక్కడే కాలువ దాకా నోరు తెరుచుకుని ఉంది.

"తొందర ల్యాదల్లుడా," అన్నాడు వెనకనుంచి మామ. "వాళ్లకు చెప్పి ఇంకో దినం పెట్టుకుంటాం."

"ఏం అక్కర్లేదు మామా. సాయంత్రంలోపల మూసేస్తాను, చూడు."

మూసేశాను. గోడ దగ్గరి చివరి అతుకు పెట్టేటప్పటికి వెలుతురు తగ్గింది. గుంతలో వంగి, ఒక చేత్తో పైపు పట్టుకుని, ఇంకో చేత్తో సిమెంటు పూశాను. మట్టి తోశాను, దిమ్మిసతో కొట్టాను, బండలు పరిచాను. వీధి వైపు గుంత ఆనవాలు కూడా లేకుండా చదును చేశాను. మామ కాలితో తొక్కి చూసి, "బాగుందప్పా" అన్నాడు.

నేను స్నానం చేసి వచ్చేసరికి మా ఆవిడ సందులో సామాన్లు సర్దుతోంది. మా నీళ్లు సర్రున పోయాయి, ఎక్కడా నిలవలేదు. తుండుతో తల తుడుచుకుంటూ ఆమె మెప్పుకోలు కోసం నిలబడ్డాను.

"ఈ పత్తి ఉండలు రెండు చేసినావు కదా?" అంది.

"ఊ."

"ఒకటే ఉండాది. రెండోది యాడ?"

తుండు తల మీదే ఆగిపోయింది. చేతికి తడి గుడ్డ తగిలిన గుర్తు ఉంది. లాగిన గుర్తు ఉంది. ఒకసారి లాగానా, రెండుసార్లు లాగానా? మా నీళ్లు పోయాయి కాబట్టి మా గొట్టంలోది తీశాను. దొరికింది అదే అయితే రెండోది?

"పెంకులతో పాటు సంచిలో పడి ఉంటుంది," అన్నాను.

పెంకుల సంచులను అప్పటికే వీధి చివరి ఖాళీ జాగాలో పారబోసి వచ్చాను. అక్కడికి పోయి చూశాను. పందులు కుప్పను కెలికి పెట్టాయి. బేలు గుడ్డ పీలిక ఒకటి కనబడింది. అది ఉండకు చుట్టినదా, చేతులు తుడుచుకుని పారేసినదా తెలియలేదు. ఆ పీలికను పట్టుకుని, ఇదే అయి ఉంటుంది, ఇదే, అనుకుంటూ ఇంటికి వచ్చాను. వెళ్లి మామ తలుపు తట్టి, "జాలాడిలో ఒక బకెట్టు నీళ్లు పోయి మామా, నేను కాలువ దగ్గర చూస్తాను" అంటే తేలిపోయేది. కాని పోసిన నీళ్లు రాకపోతే? పరిచిన బండలు మళ్లీ లేపాలి, గుంత మళ్లీ తీయాలి, పొద్దున పడుగు ఆగిపోవాలి. "సాయంత్రంలోపల మూసేస్తాను" అన్న మనిషి మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

పొద్దున పడుగు సాగదీశారు. తెల్లటి పోగులు వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడుమెత్తున నిలబడ్డాయి. గంజి పులిసిన వాసన. మామ, వచ్చిన నేతగాళ్లు కుంచెలు పట్టుకుని ముందుకూ వెనక్కూ నడుస్తున్నారు. నేను బస్సుకు బయలుదేరుతుంటే మామ అందరికీ వినబడేలా అన్నాడు.

"చూడండప్పా, మా అల్లుడు. మేస్త్రీ ల్యాకుండా ఒక్కడే పైపు మార్చినాడు. మన పడుగుకు అడ్డమని ఒక్క పూటలో గుంత మూసినాడు. ఇట్లాంటోడు పక్కన ఉండల్ల."

"అయితే మా ఇంటికాడ కూడా ఉండాది మోరీ, తోలిచ్చు అల్లుణ్ని," అన్నాడు ఒకాయన.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. అప్పటిదాకా ఒక అనుమానం మాత్రమే దాస్తున్నాను. ఇక ఆ పొగడ్తను కూడా కాపాడుకోవాలి.

ఆదోనిలో ఆ రోజు నా చేతికి పత్తి తగిలినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. పత్తి బోరెం సంచిలోంచి పిడికెడు తీస్తే చాలు, అది గొట్టంలో నీళ్లు తాగి ఉబ్బుతున్నట్టు కనబడేది. ఒక రైతు, "ఏమప్పా, నా పత్తిలో తేలు గాని ఉండాదా, అట్ల చూస్తావు?" అన్నాడు. మధ్యాహ్నం ఇంటికి ఫోను చేశాను.

"పక్కింటి నీళ్లు కాలువలోకి వస్తున్నాయా?"

"నేనేం కాలువ గట్టున కూర్చోనా?" అంది మా ఆవిడ. "వాళ్లకు చెప్పరాదా? ఒక్క మాట," అంది.

"వచ్చి చెప్తాను."

వచ్చాను. చెప్పడానికి ముందు నా కంటితో నేను చూసుకుందామని, మా ఆవిడను బాత్రూం వాడవద్దని చెప్పి, వీధి కాలువలో పైపు మూతి దగ్గర నిలబడ్డాను. పైపు మూతి పొడిగా ఉంది. వాళ్లు నీళ్లు వాడలేదా, వాడినవి రావడం లేదా? అలా వంగి చూస్తుండగా మామ అరుగు మీదికి వచ్చాడు.

"ఏంది చూస్తాండావు? కాలువలో చేపలు పెంచుతాండావా?"

"పైపు బాగుందా లేదా అని..."

"నీ పని నీకే ముద్దొస్తాంది. రా, టీ తాగి పోదువు."

మగ్గం గదిలోకి అడుగు పెట్టగానే పులిసిన గంజి వాసన కొట్టింది. పొద్దున వీధిలో ఉండవలసిన వాసన. గదికి ఆనుకునే జాలాడి. అక్కడ నీళ్లు నిలిచి ఉన్నాయి, తెల్లగా, చిక్కగా. రెండో ఉండ ఎక్కడుందో ఇక సందేహం లేదు.

"చూడు మీ అత్త చేసిన పని," అన్నాడు మామ. "గంజి కుండ కడిగి నీళ్లు ఈడ పోసింది. గడ్డలన్నీ పోయి అడ్డం పడినాయి. ఎన్ని తూర్లు చెప్పల్ల, వీధిలో పారబొయ్యమని?"

"వడకట్టే పోసినాను," అంది అత్త, నాకు గ్లాసు అందిస్తూ.

"ఆ, వడకట్టినావు! కండ్లు సరిగా కనపడవు, మాట మాత్రం తగ్గదు."

"గుడ్డ పెట్టి వడకట్టినాను అంటాంటే."

"అయితే నీళ్లు ఎందుకు నిలబడినాయి? నిన్ననే కొత్త పైపు వేసినాడు అల్లుడు. దానిది తప్పా? నువ్వే చెప్పల్లుడా, గంజి గడ్డలు పోతే అడ్డం పడతాయా పడవా?"

నేను గ్లాసు దించాను.

"పడతాయి మామా," అన్నాను.

అత్త నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ఆమె మొహంలో కనబడింది తన మీద తనకే కలిగిన అనుమానం. నిజంగానే గుడ్డ పెట్టానా, పెట్టలేదా అని గుర్తు చేసుకుంటోంది. ముందురోజు సాయంత్రం తుండు తల మీద పెట్టుకుని నేను నిలబడినట్టే.

మగ్గం గుంట వైపు చూశాను. అడుగున మట్టి నల్లగా చెమ్మగిల్లి ఉంది. గుంట పక్కనే, పొద్దున గంజి పట్టించిన పడుగు చుట్టగా చుట్టి, గుడ్డ కప్పి, నేల మీద పెట్టి ఉంది.

"దాన్ని కొంచెం పైన పెట్టరాదా మామా?"

"ఎందుకప్పా?"

"చెమ్మ తగులుతుందేమో..."

"చెమ్మ మంచిదే అల్లుడా. ఎండితే పోగు పుటపుట తెగుతాది. గుంట మగ్గం ఎందుకనుకున్నావు, కింది చెమ్మకే కదా." ఆయన చుట్ట మీద చెయ్యి వేశాడు. "దీన్ని మాత్రం బాగ నెయ్యల్ల. షావుకారు గుంట మగ్గాలకు నూలు నిలిపేయల్లని సూస్తాండాడు. ఏ చిన్న సాకు దొరికినా చాలు ఆయనకు. ఈ తూరి నూలు కోసం ఎన్ని సార్లు తిప్పించినాడో మీ అత్తకే తెలుసు."

"రేపు నీళ్లొస్తాయి కదా, కడ్డీ పెట్టి పొడిచి పాత నీళ్లన్నీ ఒక్కసారే పోస్తే కొట్టుకుపోతాదిలే," అంది అత్త, జాలాడి వైపు చూస్తూ.

నేను లేచి వచ్చేశాను.

మా ఆవిడ అడిగింది, "చెప్పినావా?" అని. నేను పళ్లెం ముందు కూర్చుని జొన్నరొట్టె తుంచుతూనే ఉన్నాను.

"తప్పు అత్త మీదికి పోయింది," అన్నాను.

"పోనిచ్చినావా?"

నేను ఇంకో ముక్క తుంచాను.

"రేపు నీళ్లొచ్చే దినం. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"పొద్దున్నే చెప్తాను. నీళ్లు వదిలే లోపలే."

నిజంగానే చెప్పాలనుకున్నాను. మాటలు కూడా కూర్చుకున్నాను. అన్నీ నాకు అనుకూలంగా ఉండే మాటలే. "అనుమానంగా ఉంది మామా, ఒకసారి తవ్వి చూద్దాం," అనాలి. "ఉండవచ్చు," అనాలి. "తెలిసింది" అన్న మాట ఎక్కడా రాకూడదు. ఆ మాటలు చెక్కుకుంటూ పడుకున్నాను.

ఆ పొద్దున నీళ్లు మామూలు వేళ కంటే ముందే వదిలారు. కొళాయి బుసకు మెలకువ వచ్చింది. నీళ్లు వచ్చే రోజు మా ఊళ్లో ఏ ఇంట్లోనైనా జరిగే మొదటి పని ఒకటే. డ్రమ్ముల్లో అడుగున మిగిలిన పాత నీళ్లు పారబోసి, కడిగి, కొత్త నీళ్లు పడతారు. ఆ పాత నీళ్లన్నీ ఒక్కసారే జాలాడిలో పడతాయి. నేను చొక్కా వెతుక్కుంటుండగానే గోడ అవతల డ్రమ్ము ఒరిగిన చప్పుడు, వెంటనే ఇంకొకటి. ఆ తర్వాత అత్త కేక.

చొక్కా లేకుండానే పరుగెత్తాను.

జాలాడి గట్టు దాటి నీళ్లు మగ్గం గదిలోకి వచ్చి, గుంటలోకి దుముకుతున్నాయి. తొక్కుడు చెక్కలు తేలుతున్నాయి. మామ గుంటలోకి దిగి చెంబుతో నీళ్లు తోడుతున్నాడు. తోడిన నీళ్లు ఎక్కడ పోయాలో తెలియక గది మధ్యలోనే పోస్తున్నాడు, అవి మళ్లీ గుంటలోకే వస్తున్నాయి. అత్త పడుగు చుట్టను రెండు చేతులతో గుండెకు ఎత్తుకుని నిలబడింది. దాని కింది సగం తడిసి, గంజి కరిగి, ఆమె చీర మీదికి మడ్డిగా కారుతోంది.

"నీ గంజే!" అంటున్నాడు మామ, చెంబు ఎత్తుతూ, దించుతూ. "నీ గంజే ఇది! పొయింది, అంతా పొయింది. షావుకారు మొహం ఎట్ల చూడల్ల?"

నిన్న వడకట్టానన్న మనిషి ఈరోజు ఆ మాట కూడా అనడం లేదు.

రాత్రంతా చెక్కుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"అత్తది కాదు మామా, నాది. మీ గొట్టంలో పత్తి ఉండ పెట్టి తీయడం మరిచిపోయాను. ఆదివారమే."

చెంబు ఆగింది.

"నిన్న టీ తాగేటప్పుడు తెలుసునా నీకు?"

"తెలుసు."

"తెలిసే, గంజి అడ్డం పడతాది అన్నావా?"

"అన్నాను."

ఆయన నన్ను చూసి, అత్తను చూసి, మళ్లీ చెంబు ముంచాడు. తిట్టలేదు. అల్లుడా అని కూడా అనలేదు.

"మాటలు తర్వాత," అంది అత్త. "ముందు పోయి ఆ ఉండ పీకప్పా."

గడ్డపార తీసుకుని సందులోకి వచ్చాను. మా ఆవిడ అప్పటికే బండ ఒకటి లేపుతోంది. నేను అంత ముచ్చటగా కొట్టిన మట్టి రాయిలా గట్టిపడింది. వీధిలో బిందెలు పట్టుకున్నవాళ్లు ఒక్కొక్కరే సందు మొదట నిలబడ్డారు. "మేస్త్రీకి పని చాల్లేదేమో, మల్లా మొదలుపెట్టినాడు," అన్నారెవరో. అతుకు దగ్గర సిమెంటు పగలగొట్టి పైపు పక్కకు లాగాను. గొట్టం మూతిలో ఉండ ఉబ్బి, బిగుసుకుని, ముద్దగా కూర్చుని ఉంది. వేళ్లు దూర్చి పీకాను. నీళ్లు ఒక్కసారిగా నా ఛాతీ మీదికి, మొహం మీదికి కొట్టాయి. గంజి, సబ్బు, మురుగు. పక్కకు తప్పుకునే చోటు లేదు. ఉన్నా తప్పుకునేవాణ్ణి కాననే అనుకుంటాను.

ఆ రోజు మిల్లుకు పోలేదు. తర్వాత రోజులు కూడా సెలవు పెట్టాను. గుంటలో నీళ్లు తోడి, బురద ఎత్తి, ఇసుకా బూడిదా పోసి ఆరబెట్టాను. తొక్కుడు చెక్కల తాళ్లు మార్చాము. మామ ఏం కావాలో చెప్పేవాడు, నేను చేసేవాణ్ణి. అంతకు మించి మా మధ్య మాటలు లేవు. ఆయన షావుకారు దగ్గరికి బయలుదేరుతుంటే, పిలవకపోయినా వెంట పోయాను. ఆయన వద్దనలేదు.

షావుకారు పడుగు తడిసిన సంగతి విని మొహం చిట్లించాడు. "అందుకే అంటాండాను, గుంట మగ్గాలు ఇంక చాలని," అన్నాడు.

"ఇందులో మగ్గం తప్పు లేదు," అన్నాను. "పక్కింటివాణ్ణి నేను. గొట్టం మూసింది నేను. తెలిసి కూడా చెప్పనిది నేను."

"నువ్వు మూసినావు, ఈయనది తడిసింది. నేనేం చేయల్ల మధ్యలో?"

"తడిసినంత మేర కోసేసి, మిగతాది ఉతికి మల్లా గంజి పెడతాను," అన్నాడు మామ. "నేసి తెస్తాను. బాగ ల్యాకపోతే అప్పుడు నిలుపు."

షావుకారు నా చేతుల వైపు, వాటి మీద ఇంకా పోని సిమెంటు మరకల వైపు చూసి, "నెయ్యి, చూద్దాం," అన్నాడు.

గోడ దగ్గర గొట్టాలు కలిసే చోట ఇటుకలతో చిన్న చాంబరు కట్టాను. పైన ఇనుప రింగు బిగించిన కడప బండ. ఎవరైనా లేపి లోపలికి చూడవచ్చు. ఈసారి పని మొదలుపెట్టే ముందు వాళ్లింటికి పోయి, "నీళ్లు పోయొద్దు, ఎంతసేపో నాకు తెలియదు, అయ్యాక వచ్చి చెప్తాను," అన్నాను. ఆ ముక్క ఆదివారం ఎందుకు అంత బరువనిపించిందో ఇప్పుడు అర్థం కాదు.

అత్తకు విడిగా క్షమాపణ చెప్పాలని పోయాను. ఆమె రాట్నం దగ్గర కూర్చుని నూలు కండెలు చుడుతోంది. చేతులు కట్టుకుని ఏదో మొదలుపెట్టాను.

"నాకెందుకు చెప్తావప్పా?" అంది, చక్రం ఆపకుండా. "నేను వడకట్టినానని నాకు తెలుసు. ఒక రాత్రి మాత్రం తెలియకుండా చేసినావు నువ్వు. ఆయనకు చెప్పు. నలుగురిలో పొగిడించుకున్నావు కదా, ఆ నలుగురిలోనే చెప్పు."

పడుగును మళ్లీ సాగదీసిన పొద్దున వీధిలో ఆ నేతగాళ్లే ఉన్నారు. రెండోసారి రావలసి వచ్చినందుకు విసుగ్గా ఉన్నారు. నాకు ఒక కొస తాడు ఇచ్చారు. మడమలు నేలకు తన్ని వెనక్కి వాలి పట్టుకోవాలి. వదిలితే పోగులన్నీ కుంగి చిక్కు పడతాయి. కుంచెలు కదిలే ముందు, తాడు పట్టుకునే గట్టిగా చెప్పాను.

"అందరూ వినండప్పా. ఆ రోజు అత్త గంజి వడకట్టే పోసింది. గొట్టంలో అడ్డం నేను పెట్టిన పత్తి ఉండ. మామ అడిగితే గంజి అని అబద్ధం చెప్పాను."

ఒకాయన ఏదో అనబోయి, అత్తను చూసి ఊరుకున్నాడు. ఆమె అరుగు మీద గంజి గిన్నె కలుపుతూ తల ఎత్తలేదు. మామ కుంచెను గంజిలో ముంచి, విదిలించి, అత్త వైపు తిరిగాడు.

"వడకట్టినావు లేవే," అన్నాడు. తర్వాత నా వైపు, "వినపడింది. తాడు సడలిస్తాండావు, గట్టిగా పట్టుకో అల్లుడా," అన్నాడు.

పట్టుకున్నాను. పడుగు ఆరేదాకా, భుజాలు జివ్వుమని లాగుతున్నా, మార్చుకుందాం రమ్మని వేరొకరు వచ్చినా ఇవ్వలేదు.

ఆ పడుగుతో నేసిన చీరలను షావుకారు వెలుతురులో తిప్పి తిప్పి చూసి తీసుకున్నాడు. మళ్లీ నూలు ఇచ్చాడు. ఎన్నాళ్లు ఇస్తాడో మామకు కూడా తెలియదు. నీళ్లు వచ్చే రోజు మాత్రం నేను కొళాయి కంటే ముందే లేస్తున్నాను. సందులోకి పోయి, రింగు పట్టి బండ లేపి, వాళ్ల పాత నీళ్లు పోయేదాకా అక్కడే కూర్చుంటున్నాను. బండ కదిలిన చప్పుడు వినగానే గోడ అవతలి నుంచి అత్త అరుస్తుంది.

"వడకట్టే పోస్తాండానప్పా, చూసుకో!"

"పోతున్నాయత్తా," అంటాను. నీళ్లు పూర్తిగా పోయాకే బండ మూస్తాను.